అయోర్టా ఉబ్బులో తెల్లకణాలు: దోషులా, సాక్షులా?

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని నిరుడు మా బాబాయికి కడుపు స్కానింగ్ తీయించాం. రాళ్లు లేవు. కానీ స్కానింగ్ చేస్తున్న డాక్టరుగారు బొడ్డుకు కాస్త పైన ప్రోబు ఆపి, ఇంకొంచెం జెల్ పూసి, తెరమీద కనిపిస్తున్న నల్లటి గుండ్రానికి అటు అంచున ఒక గుర్తు, ఇటు అంచున ఒక గుర్తు పెట్టారు. మధ్యలో చుక్కల గీత వచ్చింది. కింద అంకె 3.6 సెం.మీ. "సిగరెట్లు తాగుతారా?" అని అడిగారు. మానేసి నాలుగేళ్లయిందన్నాడు బాబాయి. "అంతకుముందు ఎన్నేళ్లు?" అంటే మాత్రం గోడ గడియారం వైపు చూశాడు.

రిపోర్టులో రాసింది పొట్ట భాగపు అయోర్టాలో అన్యూరిజం అని. తెలుగులో బృహద్ధమని ఉబ్బు అనుకోవచ్చు. ఇంటికొచ్చాక బాబాయి ఫోన్లో గంటసేపు చదివి నన్ను పిలిచాడు. "ఒరేయ్, ఇదంతా ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపల రేగే వాపూ మంటా వల్లేనట. తెల్లకణాలు వచ్చి రక్తనాళం గోడను తినేస్తాయట. మరి వాపు తగ్గే మాత్ర వేసుకుంటే పోదా?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. పెద్ద పెద్ద పరిశోధకులు ఇదే ప్రశ్న వేసుకుని, మాత్రలిచ్చి చూసి, భంగపడ్డారు. ఎందుకు భంగపడ్డారో తెలుసుకోవడానికి ఇప్పుడు జన్యువుల్ని సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఆ సాక్ష్యంలో కొంత గట్టిది. ఇంకొంత పత్రికా శీర్షికలకు పనికొచ్చినంతగా వైద్యానికి పనికిరానిది. రెండింటికీ తేడా పట్టుకోవడమే ఈ వ్యాసం పని.

ముందు గొట్టం సంగతి. అయోర్టా గుండె ఎడమ గదినుంచి పైకి లేచి, చేతికర్ర పిడిలా వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని రొమ్ములోంచి కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండు కాళ్లకూ రెండు పాయలుగా చీలుతుంది. పొట్టలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. 3 దాటితే అన్యూరిజం అంటారు. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 దగ్గరికి వచ్చాక ఆపరేషన్ మాట ఎత్తుతారు. ఈలోగా నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. పగిలితే మాత్రం పదిమందిలో ఎనిమిదిమంది దాకా దక్కరు. వాళ్లలో చాలామంది ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కరు.

ఈ గోడకు మూడు పొరలు. నడిమి పొరలో కండర కణాల మధ్య ఇలాస్టిన్ అనే ప్రొటీను పలకలు పలకలుగా పరుచుకుని ఉంటుంది. గుండె కొట్టినప్పుడల్లా గోడ సాగి మళ్లీ యథాస్థానానికి రావడం దాని చలవే. తెగకుండా పట్టి ఉంచే పని కొలాజెన్‌ది. ఇలాస్టిన్‌తో ఒక చిక్కుంది. తల్లి కడుపులో ఉండగానూ, చిన్నతనంలోనూ తయారైన సరుకే దాదాపు జీవితాంతం వాడుకోవాలి. పెద్దయ్యాక చిరిగిందాన్ని సరిగ్గా అల్లే యంత్రాంగం మనకు లేదు. రోజుకు లక్షసార్లు సాగి ముడుచుకునే గోడ అది. పైగా కిడ్నీల కింద భాగంలో ఈ పలకలు పైనకంటే తక్కువ. అందుకే ఉబ్బు ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఒకసారి పుట్టాక భౌతికశాస్త్రం కూడా దాని పక్షమే. గొట్టం వెడల్పయినకొద్దీ అదే రక్తపోటుకు గోడమీద పడే లాగుడు పెరుగుతుంది. బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊపిరికి పడే కష్టం తర్వాత పడం కదా, అదే లెక్క.

మంట ఆర్పేవాళ్లా, పెట్టేవాళ్లా

ఆపరేషన్‌లో తీసిన గోడ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే బాబాయి చదివింది నిజమేననిపిస్తుంది. తెల్లకణాల్లో ఉన్న రకాలు, చెత్త మింగే మాక్రోఫేజ్‌లు, టీ కణాలు, బీ కణాలు, ఎలర్జీలో కనిపించే మాస్ట్ కణాలు, అన్నీ అక్కడ గుమిగూడి ఉంటాయి. వెలుపలి పొరలో కొన్నిచోట్ల ఇవి చిన్న చిన్న లింఫ్ గ్రంథుల్లా గూళ్లు కట్టుకుని కాపురం కూడా పెట్టేస్తాయి. మాక్రోఫేజ్‌ల నుంచి ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ వస్తుంది. ఇలాస్టిన్‌ను కత్తిరించే కత్తెర అది. ఇక కావలసిందేముంది? నేరస్థలంలో మనిషి దొరికాడు, చేతిలో కత్తెర దొరికింది.

అయితే ఇల్లు తగలబడినప్పుడు ఎప్పుడు వెళ్లి చూసినా అక్కడ ఫైరింజను ఉంటుంది. అంతమాత్రాన ఫైరింజనే నిప్పు పెట్టిందంటామా? ఇలాస్టిన్ తెగినప్పుడు రాలే తునకలు తమంతట తామే మాక్రోఫేజ్‌లను పిలుస్తాయి. ఇది ప్రయోగాల్లో తేలిన విషయమే. అంటే ముందు గోడ చిరిగి, ఆ తర్వాత కణాలు రావచ్చు. కణాలు వచ్చి గోడను చింపనూవచ్చు. ఒకటి ఇంకోదాన్ని ఎగదోస్తూ రెండూ జరగవచ్చు. ఆపరేషన్ బల్లమీదికి వచ్చేసరికి కథ ఆఖరి రీల్లో ఉంటుంది. మొదటి రీలు ఎవరూ చూడలేదు.

దీనికో పాత ఉదాహరణ ఉంది. ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్‌లో పోయింది ఈ ఉబ్బు పగిలే. అంతకు ఆరేళ్లకు పైగా ముందు, 1948 చివర్లో, రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన అయోర్టా చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. మిఠాయి పొట్లానికి చుట్టేలాంటి కాగితమే. ఆ కాగితం ఒంటికి పడక అక్కడ మంట రేగుతుందని, దాంతో మచ్చలాంటి గట్టి కణజాలం పెరిగి గోడ బిగుస్తుందని ఆశ. అంటే ఇవాళ మనం దోషిగా నిలబెడుతున్న ఇన్‌ఫ్లమేషన్‌ను ఆనాడు కావాలని పుట్టించి మందుగా వాడారన్నమాట. ఐన్‌స్టీన్ ఆ తర్వాత ఆరేళ్లకు పైగా బతికారు.

ఇక మాత్రల కథ. డాక్సీసైక్లిన్ మనందరికీ తెలిసిన యాంటీబయాటికే. కానీ దానికి ఎంఎంపీ కత్తెరల్ని మొద్దుబార్చే గుణం కూడా ఉంది. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. దాంతో అమెరికాలో చిన్న ఉబ్బులున్న 250 మందికి పైగా మనుషుల్లో సగంమందికి రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. 2020లో ఫలితం వచ్చింది. రెండేళ్లలో రెండు జట్లలోనూ ఉబ్బు సుమారు 3.6 మిల్లీమీటర్లు పెరిగింది. తేడా ఏమీ లేదు. అంతకుముందు నెదర్లాండ్స్‌లో ఇదే మందు ఇచ్చినప్పుడైతే మందు తిన్నవాళ్లలోనే ఉబ్బు కాస్త వేగంగా పెరిగింది. మాస్ట్ కణాల్ని అదుపుచేసే పెమిరోలాస్ట్ అనే ఎలర్జీ మందును కూడా ప్రయత్నించారు. 2015లో అదీ వట్టిపోయింది.

ఎలుకను నమ్మి మోసపోయామని తిట్టుకోవడం తేలిక. కానీ ఎలుక అబద్ధం చెప్పలేదు. ప్రయోగశాలలో ఎలుక అయోర్టాలోకి ఇలాస్టిన్‌ను కరిగించే ఎంజైమ్ ఎక్కించో, యాంజియోటెన్సిన్ అనే హార్మోను నాలుగు వారాలు వంట్లోకి వదిలో ఉబ్బు పుట్టిస్తారు. ఆ హఠాత్తు గాయానికి తెల్లకణాలు మూకుమ్మడిగా వస్తాయి, వాటిని ఆపితే ఉబ్బు తగ్గుతుంది. నలభై ఏళ్ల సిగరెట్టుతో, మెల్లగా, డెబ్బయ్యో పడిలో బయటపడే మనిషి ఉబ్బు వేరే జాతి జబ్బేమో.

పుట్టకముందే వేసిన చీటీలు

మనుషుల్లోనే రక్తపరీక్షలు చేసి చూడొచ్చు కదా అంటే, అక్కడ మరో ముడి. ఉబ్బు ఉన్నవాళ్ల రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఎక్కువగానే ఉంటాయి. కానీ ఉబ్బు ఉన్నవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ. పొగ తాగితే తెల్లకణాలు పెరుగుతాయి. పొగ తాగితే ఉబ్బూ వస్తుంది. వెనక ఉన్న మూడోది ముందున్న రెండింటినీ ఆడిస్తుంటే, ఆ రెండూ ఒకదానికొకటి కారణమన్నట్టు కనిపిస్తాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అనే మాట మనకు పుట్టిందే అందుకు.

దీనికి విరుగుడుగా పుట్టిన పద్ధతి మెండేలియన్ రాండమైజేషన్. పేరు భయపెడుతుందే గానీ ఆలోచన చిన్నది. ప్రతి జన్యువుకూ అమ్మ దగ్గర రెండు కాపీలు, నాన్న దగ్గర రెండు కాపీలు ఉంటాయి. ఎవరి దగ్గర్నుంచి ఏ కాపీ మనకు వస్తుందన్నది చీటీ వేసినట్టే. మందుల పరీక్షలో డాక్టర్లు చీటీ వేసి ఒకరికి మందు, ఒకరికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు కదా. ఇక్కడ ఆ చీటీ మనం పుట్టకముందే, ప్రకృతి చేతుల మీదుగా పడిపోయింది. ఒక జన్యు తేడా ఉన్నవాళ్లలో పుట్టుకనుంచీ ఒక రకం తెల్లకణాలు కాస్త ఎక్కువనుకుందాం. ఆ కణాలు నిజంగా ఉబ్బుకు కారణమైతే, ఆ తేడా ఉన్నవాళ్లలో ఉబ్బులు కూడా కాస్త ఎక్కువగా కనిపించాలి. సిగరెట్టు వచ్చి మన జన్యువును మార్చలేదు. డెబ్బయ్యేళ్లకు వచ్చిన ఉబ్బు వెనక్కి వెళ్లి మనకు పుట్టుకతో వచ్చిన చీటీని తిరగరాయలేదు. రెండు ముడులూ ఒక్క దెబ్బకు విడిపోయాయి.

1986లో మార్టిన్ కటాన్ అనే శాస్త్రవేత్త ఈ ఊహను ఓ చిన్న ఉత్తరంగా లాన్సెట్ పత్రికకు రాశారు. ఆయన అడిగింది కొలెస్టరాల్ తగ్గితే క్యాన్సర్ వస్తుందా అని. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దాన్ని పద్ధతిగా నిలబెట్టారు.

అయితే చీటీ కల్తీ కాకూడదు. ఆ జన్యు తేడా మనం అనుకున్న కణాల్ని నిజంగా మార్చాలి. జనాభాలో ఏదో ఒక గుంపులోనే అది పేరుకుపోయి ఉండకూడదు. అన్నిటికంటే కష్టమైనది మూడోది: ఆ తేడా అయోర్టాను చేరేది మనం చెప్పుకుంటున్న కణాల దారిలోనే అవాలి, దొడ్డిదారి ఉండకూడదు. ఈ మూడో షరతును పూర్తిగా రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. అనుమానించి, పరీక్షలు పెట్టి, నమ్మకం పెంచుకోవడమే.

ఈ పద్ధతి ఎంత పదునైనదో రెండు ఉదాహరణలు చెబుతాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని రక్తంలో చూపే సీఆర్‌పీ పేరు మన ల్యాబ్ రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది, కోవిడ్ రోజుల్లో ఇంటింటి మాట అయిపోయింది. గుండెజబ్బు ఉన్నవాళ్లలో అది ఎక్కువ. కానీ పుట్టుకతో సీఆర్‌పీ ఎక్కువ చేసే జన్యు తేడాలున్నవాళ్లను చూస్తే గుండెజబ్బులు ఎక్కువగా లేవు. కాబట్టి అది పొగే, నిప్పు కాదు. అదే గొలుసులో కాస్త పైన ఉన్న ఐఎల్-6 అనే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ దగ్గర మాత్రం జన్యువులు తలూపాయి. గుండె విషయంలో 2012లో. అయోర్టా విషయంలో 2013లో.

ఆ రెండోది మన కథలో అతి గట్టి సాక్ష్యం కాబట్టి కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఐఎల్-6 అనేది తెల్లకణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు. దాన్ని వినే చెవి ఆ రిసెప్టర్. ఆ రిసెప్టర్ ప్రొటీను అమైనో ఆమ్లాల గొలుసు; అందులో 358వ స్థానంలో సాధారణంగా ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. కొందరిలో అక్కడ అలనిన్ ఉంటుంది. యూరోపియన్లలో పది కాపీలకు సుమారు నాలుగు ఈ రకమే. ఈ ఒక్క మార్పుతో ఆ చెవి కణం పైపొరనుంచి సులువుగా తెగి రక్తంలోకి జారిపోతుంది. ఫలితం విచిత్రంగా ఉంటుంది. రక్తంలో కొలిస్తే ఐఎల్-6 ఎక్కువ కనిపిస్తుంది, తెగిపడిన చెవులూ ఎక్కువ కనిపిస్తాయి. కానీ కణం మీద వినే చెవులు తక్కువ. కబుర్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. అందుకే చివర్లో రావలసిన సీఆర్‌పీ తగ్గుతుంది. వట్టి రక్తపరీక్ష చూసినవాడు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఈ అలనిన్ కాపీ ఒక్కొక్కదానికీ పొట్ట అయోర్టా ఉబ్బు అవకాశం దాదాపు ఆరోవంతు తగ్గిందని నాలుగువేలకు పైగా రోగుల్ని చూసి తేల్చారు. పుట్టుకతోనే ఐఎల్-6 మాట కాస్త తక్కువగా వినే ఒంట్లో ఉబ్బు తక్కువ. ఇది కాకతాళీయం కాదు.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఈ సాక్ష్యం ఒక అణువు పేరు చెప్పింది, కణం పేరు చెప్పలేదు. ఐఎల్-6 వినే చెవి, తర్వాత మాక్రోఫేజ్‌లుగా మారే మోనోసైట్ల మీద ఉంటుంది, కొన్ని టీ కణాల మీద ఉంటుంది, కాలేయ కణాల మీదా ఉంటుంది. మరి నేరం ఎవరిది? సరిగ్గా ఈ ఖాళీని పూడ్చడానికే తర్వాతి పరిశోధనలు బయల్దేరాయి.

లక్షలమంది జన్యువులు ఏమన్నాయి

ఈ జబ్బులో వారసత్వం చిన్నది కాదు. స్వీడన్ కవలల లెక్కల ప్రకారం ఉబ్బు వచ్చే స్వభావంలో సుమారు 70 శాతం వంశపారంపర్యం. తోబుట్టువుకు ఉంటే మనకు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. కాబట్టి జన్యువుల్ని మొత్తం జల్లెడ పట్టి చూడటం సబబే.

పదిహేనేళ్లలో ఈ జల్లెడ సన్నబడుతూ వచ్చింది. 2008లో తొమ్మిదో క్రోమోజోముపై ఒక చోటు బయటపడింది. 2017లో దొరికిన కొత్త చోట్లలో ఒకటి ఎంఎంపీ-9 జన్యువు ఇరుగుపొరుగునే ఉంది. గుర్తుందా, మాక్రోఫేజ్ చేతిలోని కత్తెర అదే. 2023లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం అన్నిటికన్నా పెద్దది. ఉబ్బు ఉన్న 39,221 మందిని, లేని 10,86,107 మందిని పోల్చి 141 జన్యు సంకేతాలు పట్టుకుంది. వాటిలో 97 చోట్లు అంతకుముందు తెలియనివి.

ఆ 141 ఏమంటున్నాయి? ఇన్‌ఫ్లమేషన్ అంటున్నాయి, నిజమే. కానీ అంతకంటే గట్టిగా కొలెస్టరాల్ అంటున్నాయి. గోడ అల్లిక, రక్తనాళాల నిర్మాణం అంటున్నాయి. ఆ బృందం చివరకు వేలు చూపించింది తెల్లకణాన్ని ఆపే మందును కాదు. కొలెస్టరాల్ తగ్గించే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్ల వైపు. ఈ జబ్బును "ఇన్‌ఫ్లమేషన్ జబ్బు" అని ఒక్క మాటలో కట్టేసేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు. అలాగని రెండూ వేర్వేరు కథలూ కావు. గోడలోకి చొరబడిన కొలెస్టరాల్‌ను మింగి రెచ్చిపోయేది మాక్రోఫేజే కదా.

ఇప్పుడు సార్డీనియాకు వెళ్దాం. ఇటలీకి పడమట ఉన్న దీవి అది. అక్కడి లనుసెయి లోయలో, వేల ఏళ్లుగా బయటి కలయిక తక్కువగా ఉన్న జనం మీద చాలాకాలంగా జన్యు పరిశోధన సాగుతోంది. 3,757 మంది రక్తం తీసుకుని, ఒక్కో కణాన్ని లేజర్ వెలుగు ముందునుంచి వరసగా పంపి, దాని ఒంటిమీద ఏ ఏ ప్రొటీన్లు మెరుస్తున్నాయో లెక్కపెట్టారు. ఇన్ని టీ కణాలు, వాటిలో ఇంత శాతం ఫలానా రకం, ఫలానా రకం బీ కణం మీద సీడీ25 అనే గుర్తు ఎంత దట్టంగా ఉంది, ఇలా మొత్తం 731 కొలతలు. ఒక్కో కొలతనూ జన్యువుల్లోని సుమారు 2.2 కోట్ల తేడాలతో పోల్చారు. 2020లో ప్రచురించి, ఆ పట్టికలన్నీ ఎవరైనా దించుకునేలా పెట్టారు. అద్భుతమైన పని. అందులో అనుమానం లేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. అటు సార్డీనియా వారి 731 కొలతలు ఉచితం. ఇటు ఫిన్లాండ్ వారి ఫిన్‌జెన్ ప్రాజెక్టులో వేల జబ్బుల జన్యు పట్టికలు ఉచితం. రెండింటినీ కలిపే ప్రోగ్రాములూ ఉచితమే. కుర్చీలోంచి లేవకుండా, ఒక్క రోగిని చూడకుండా, వారంలో ఒక పేపరు రాసేయొచ్చు. "731 రోగనిరోధక కణాలు, ఫలానా జబ్బు: మెండేలియన్ రాండమైజేషన్ అధ్యయనం" అనే మూసలో పేపర్లు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి. ఖాళీ పూరించుకునే దరఖాస్తులా. ఆ ఖాళీలో అయోర్టా ఉబ్బును కూడా పూరించారు. ఫలానా టీ కణం ప్రమాదం పెంచుతుంది, ఫలానా బీ కణం కాపాడుతుంది అని జాబితాలు వచ్చాయి.

వీటిని చదివేటప్పుడు నేను ముందు వేసుకునే లెక్క ఒకటుంది. యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం కంటే తక్కువైతే ఫలితం "నిజం" అనుకోవడం వాడుక. కణాలకూ అయోర్టాకూ ఏ సంబంధమూ లేకపోయినా, 731 సార్లు పరీక్షిస్తే అందులో 5 శాతం, అంటే సుమారు 37 కొలతలు, ఊరికే "నిజం" అయి కూర్చుంటాయి. 731 నాణేలు ఎగరేసి, వరసగా నాలుగైదుసార్లు బొమ్మ పడినవాటిని ఏరి, ఇవి మహిమగల నాణేలు అన్నట్టు. ఇన్ని పరీక్షలు చేసినందుకు ఆ 5 శాతం గీతను ఎంత బిగించారు, బిగించాక ఎన్ని కణాలు మిగిలాయి అన్నది పేపర్లో వెతకాలి. చాలాసార్లు జాబితా ఠక్కున చిన్నదైపోతుంది.

రెండో సడలింపు ఇంకా లోతుగా దాక్కుంటుంది. ఒక జన్యు తేడా ఒక కణాన్ని నిజంగా మారుస్తోందని ఒప్పుకోవడానికి ఈ రంగం పెట్టుకున్న గీత చాలా కఠినం. యాదృచ్ఛికతకు 2 కోట్లలో ఒక వంతు అవకాశమే ఇస్తుంది. 3,757 మందితో ఆ గీత దాటే తేడాలు ఒక్కో కణానికి ఒకటో రెండో దొరుకుతాయి, కొన్నింటికి అసలు దొరకవు. పద్ధతి నడవాలంటే అవి చాలవు. అందుకని గీతను లక్షలో ఒక వంతుకు దించుతారు. ఇప్పుడు బోలెడు తేడాలు దొరుకుతాయి. కానీ వాటిలో ఎన్ని నిజంగా ఆ కణానివి? చీటీ మీద పేరు సరిగా ఉందో లేదో తెలియకుండా లాటరీ తీస్తున్నామన్నమాట.

మూడోది దొడ్డిదారి. ఆరో క్రోమోజోము మీద హెచ్ఎల్ఏ అనే ప్రాంతం ఉంది. మన కణాల్ని, పరాయి కణాల్ని వేరుచేసి చూపే జన్యువుల బజారు అది. అక్కడ ఒక్క తేడా డజన్లకొద్దీ కణాల లెక్కల్ని ఒకేసారి కదుపుతుంది, కీళ్లవాతం మొదలు టైప్ 1 డయాబెటిస్ దాకా ప్రభావం చూపుతుంది. దాన్ని పట్టుకుని "ఈ ఒక్క కణమే కారణం" అనడం, ఊరంతా కరెంటు పోతే మా వీధి దీపమే కారణమన్నట్టు ఉంటుంది. పైగా ఆ 731 కొలతలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్నవి. ఒక రకం టీ కణాల శాతం పెరిగిందంటే ఇంకో రకం శాతం తగ్గక తప్పదు కదా.

వేరే జనాభాలో, వేరే కొలతలతో మళ్లీ అదే ఫలితం వచ్చిందా? కణం లెక్కను మార్చే తేడా, ఉబ్బు అవకాశాన్ని మార్చే తేడా ఒకటేనా, లేక పక్కపక్క ఇళ్లలో కాపురముంటున్న ఇద్దరా? ఈ రెండింటికీ జవాబున్న పేపరైతే కుర్చీ ముందుకు జరుపుకుని చదువుతాను. ఐఎల్-6 రిసెప్టర్ విషయంలో ఆ తేడా ఏం చేస్తుందో జీవరసాయనం చెబుతుంది, ఉబ్బు తగ్గుతుందని జనాభా లెక్కలు చెబుతాయి. రెండూ ఒకే మాట అంటాయి. అదీ బలం.

"అయోర్టా ఉబ్బు" అని ఒకే మూటలో కట్టడం కూడా తంటాయే. రొమ్ము భాగంలో వచ్చే ఉబ్బు చాలావరకు వేరే వంశం. పుట్టుకతో వచ్చే మార్ఫాన్ సిండ్రోమ్‌లో ఫైబ్రిలిన్ అనే గోడ పోగు ప్రొటీను జన్యువు చెడుతుంది, అలాంటిదే అయిన లోయిస్-డీట్జ్‌లో కణాలకు కబురు అందించే టీజీఎఫ్-బీటా రిసెప్టర్లు. అక్కడ పునాది లోపం గోడ అల్లికలోనే ఉంటుంది, తెల్లకణాలు తర్వాత వచ్చే చుట్టాలు. రొమ్ము ఉబ్బునూ పొట్ట ఉబ్బునూ కలిపేసి తీసిన సగటు రెండింటికీ చెందదు.

పుట్టాక మారే జన్యువుల ముచ్చట కూడా ఒకటుంది. వయసు మళ్లేకొద్దీ ఎముక మజ్జలో ఏదో ఒక మూలకణంలో టెట్2, డీఎన్ఎంటీ3ఏ లాంటి జన్యువులు దెబ్బతిని, ఆ ఒక్క కణం సంతానమే రక్తంలో పెరిగిపోవడం మామూలు. డెబ్బై దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికైనా ఉంటుంది. ఆ సంతానంలోని మాక్రోఫేజ్‌లు ముక్కోపులు, తేలిగ్గా మంట రేపుతాయి. గుండెజబ్బుతో దీని సంబంధం బాగానే రుజువైంది, అయోర్టా ఉబ్బు వైపు ఇప్పుడిప్పుడే తిరుగుతున్నారు. నన్నడిగితే 731 కొలతల జాబితాలకంటే ఈ దారి ఆశగా కనిపిస్తోంది. ఇక్కడ దెబ్బతిన్న జన్యువు ఉన్నది సాక్షాత్తూ తెల్లకణంలోనే. దొడ్డిదారులు తక్కువ. జబ్బు ముసలితనంలోనే ఎందుకొస్తుందన్నదానికీ సరిపోతుంది.

మరి మన సంగతి

పైన చెప్పిన లక్షలమంది జన్యువుల్లో మనవాళ్లవి బహు కొద్ది. ఎక్కువభాగం యూరప్ మూలాలవాళ్లవే. బ్రిటన్‌లో 65 ఏళ్ల మగవాళ్లందరినీ ఒకసారి అల్ట్రాసౌండ్‌కు పిలుస్తారు. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా మగవాళ్లలో ఈ ఉబ్బు తెల్లవాళ్లలోకంటే చాలా తక్కువ. గుండెపోటు మనవాళ్లకే ఎక్కువ, డయాబెటిస్ మనకే ఎక్కువ, ఇదొక్కటి తక్కువ. డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఈ ఉబ్బు అరుదుగా వస్తుందన్నది ఎప్పటినుంచో తెలిసిన వింత. షుగరు కొలాజెన్ పోగుల్ని అతికించి గోడను బిగిస్తుందా, లేక మెట్‌ఫార్మిన్ మాత్ర చలవా అన్నది ఇంకా తేలలేదు. మెట్‌ఫార్మిన్ మీద పరీక్షలు నడుస్తున్నాయి.

మన దగ్గర తెల్లకణమే అయోర్టా గోడమీద పడి కొరికే జబ్బు వేరే ఉంది: టకయాసు ఆర్టరైటిస్. 1908లో మికితో టకయాసు అనే జపాన్ కంటి డాక్టరు రోగి కంట్లో విచిత్రంగా అల్లుకున్న రక్తనాళాల్ని వర్ణించడంతో దానికి ఆ పేరొచ్చింది. జపాన్‌లోనూ మన దేశంలోనూ ఎక్కువ, అదీ వయసులో ఉన్న ఆడవాళ్లలో. ఎక్కువగా గొట్టం ఇరుకవుతుంది, కొందరిలో ఉబ్బుతుంది. హెచ్ఎల్ఏ-బీ52 అనే జన్యు రకంతో దీనికి సంబంధం ఉందని జపాన్‌లోనూ భారత్‌లోనూ తేలింది. ఐఎల్-6 చెవిని మూసే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్‌ను 2017లో జపాన్ దీనికి అనుమతించింది. ఒక చేతి నాడి దొరకని పాతికేళ్ల అమ్మాయి విషయంలో "తెల్లకణాలే దోషులు" అని నిస్సంకోచంగా అనొచ్చు.

అదే ఇంజెక్షన్ బాబాయికి ఇస్తే? 2013 సాక్ష్యం అంత గట్టిది కదా అనిపిస్తుంది. 2019లో ఇంకో బృందం అడగవలసిన ప్రశ్న అడిగింది. అలనిన్ కాపీ ఉన్నవాళ్లలో ఉబ్బు పుట్టడం తక్కువ సరే, పుట్టిన ఉబ్బు పెరగడం కూడా నెమ్మదా? చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పుట్టుకనుంచీ డెబ్బయ్యేళ్లపాటు ఐఎల్-6 కాస్త తక్కువ వినడం ఒక సంగతి, డెబ్బయ్యో ఏట మొదలుపెట్టి రెండేళ్లు చెవి పూర్తిగా మూసేయడం ఇంకో సంగతి. జన్యువు మొదటి దాని గురించే చెబుతుంది. ఆ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ల భయం, కొలెస్టరాల్ పెరగడం ఉండనే ఉన్నాయి. ఆ కొలెస్టరాల్ కూడా ఈ ఉబ్బుకు కారణమని జన్యువులు అంటున్నాయని ఇందాకే చెప్పుకున్నాం.

ఇక బాబాయి అడిగిన మామూలు వాపు మాత్రలు ఐఎల్-6 జోలికి నేరుగా వెళ్లవు. పైగా బీపీ పెంచుతాయి, కిడ్నీలకు మంచివి కావు. ఈ మాట చెబితే "అయితే ఏం చేయాలిరా?" అన్నాడు. డాక్టరుగారు చెప్పిందే చెప్పాను. సిగరెట్టు జన్మలో ముట్టకూడదు, బీపీ అదుపులో ఉండాలి, కొలెస్టరాల్ మాత్ర మానకూడదు, ఏడాదికోసారి ఈ కొలత తీయించుకోవాలి.

మొన్న తీయించాం. 3.7 వచ్చింది. మిల్లీమీటరు తేడా ప్రోబు కాస్త ఒరిగినా వస్తుందని డాక్టరుగారు అన్నారు. తోబుట్టువులకు రెట్టింపు అవకాశం అన్నారు కదా అని అదే రోజు మా నాన్నను కూడా బల్లమీద పడుకోబెట్టాం. జెల్ చల్లదనానికి ఆయన ఉలిక్కిపడ్డారు. చుక్కల గీత, కింద అంకె: 1.9. బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే బాబాయి నా చెవి దగ్గరికి వంగి, కాస్త ఉక్రోషంగానే అన్నాడు: "అన్నయ్య నాకంటే ఎక్కువ కాల్చాడురా."